షుగరున్న మనిషి తన వైద్యం ఎంత పట్టించుకుంటున్నారో తెలుసుకోవడం ఎలా
"అవ్వా, మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడిగితే అనంతపురం పల్లెల్లో ఎవరైనా "ఆఁ, వేసుకుంటున్నా" అనే అంటారు, దాంతో ఏమీ తెలియదు. మాత్రల షీటు తెమ్మని, ఎన్ని మిగిలాయో కొన్న తేదీతో సరిచూడండి. ఆ మాత్ర దేనికో, శెనక్కాయ చేలో కాలికి దెబ్బ తగిలితే తానేం చేస్తుందో ఆమె మాటల్లోనే చెప్పనివ్వండి, మధ్యలో అందించకండి.

మార్కుల్లో కావాలంటే, 2004లో అమెరికాలో పరిశోధకురాలు జుడిత్ హిబ్బర్డ్ బృందం తెచ్చిన పేషెంట్ యాక్టివేషన్ మెజర్ ఉంది, రోగి తన ఆరోగ్యాన్ని తాను ఎంత చూసుకోగలరో కొలిచే ప్రశ్నల పట్టీ ఇది. తర్వాత వచ్చిన పొట్టి రూపంలో 13 ప్రశ్నలు, 0 నుంచి 100 మార్కులు, మార్కులను బట్టి నాలుగు మెట్లు. లైసెన్సు తీసుకునే వాడాలి. చదువు రానివాళ్లకు మీరే నిదానంగా చదివి వినిపించండి, పక్కనున్న కోడలు జవాబు చెప్పేస్తే ఆ మార్కు కోడలిదే అవుతుంది. తక్కువొస్తే తిట్టొద్దు, రోజూ పాదాలు చూసుకోవడం లాంటి ఒక్క చిన్న పనికి ఒప్పించి, మూడు నెలలకు మళ్లీ అడగండి.