స్పాట్ వెల్డింగ్ కంట్రోలర్ చేతి టెర్మినల్: సమస్య - పరిష్కారం

రేకులను రెండు రాగి టిప్పుల మధ్య నొక్కి, కరెంటు పంపి ఒక చుక్క దగ్గర అతికించే రెసిస్టెన్స్ స్పాట్ వెల్డింగ్ యంత్రాలలో స్క్వీజ్ (నొక్కడం), వెల్డ్ (కరెంటు పంపడం), కూల్ (చల్లబరచడం), హోల్డ్ (కరెంటు ఆగాక పట్టి ఉంచడం) సమయాలనూ వెల్డ్ కరెంటునూ చూడడానికీ మార్చడానికీ కంట్రోల్ పెట్టెకు కేబుల్‌తో ఒక చేతి టెర్మినల్‌ను తగిలిస్తాం. యంత్రంలో ఏ తేడా వచ్చినా ముందు అనుమానం పడేది దీని మీదే, ఎందుకంటే కంటికి కనిపించేదీ చేతికి అందేదీ అదే. నిజానికి అది చేసే పని చాలా పరిమితం: కంట్రోలర్ మెమరీలో ఉన్న అంకెలను చదివి తెర మీద చూపిస్తుంది, మనం నొక్కిన అంకెలను ఆ మెమరీలో రాస్తుంది. సైకిళ్లు లెక్కపెట్టడం, థైరిస్టర్లను (వెల్డ్ కరెంటును వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్‌లను) ఫైర్ చేయడం (ఆన్ చేయడం), ఫాల్టును పట్టుకోవడం, ఇవన్నీ కంట్రోలర్ పనులే. అందువల్ల వెల్డుకు సంబంధించిన ఏ ఫిర్యాదుకైనా మొదటి పరీక్షగా టెర్మినల్‌ను తీసేసి యంత్రాన్ని నడిపి చూడండి. లోపం అలాగే ఉంటే టెర్మినల్‌ను విప్పి కూర్చోవడం కాలయాపనే.

ఏ అంకెనైనా మార్చేముందు ఉన్న విలువలన్నిటినీ రాసిపెట్టుకోవాలి, లేదా తెరను ఒక్కొక్క పేజీగా ఫోటో తీసుకోవాలి. పెట్టె తలుపు తెరవవలసి వస్తే మెయిన్ ఆపి, తాళం వేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇన్వర్టర్ రకం (సప్లైని డీసీగా మార్చి వాడే) కంట్రోలర్లలో సప్లై ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది కనుక, లేబుల్ మీద రాసిన సమయం పూర్తయ్యేవరకు ఆగాలి. టెర్మినల్ పట్టుకున్న చెయ్యి సరే, రెండో చెయ్యి టిప్పుల మధ్యకు పోకుండా చూసుకోవాలి.

సమస్య: తెర వెలగదు, లేదా అక్షరాలు రావు

చాలా టెర్మినళ్లలో సొంత బ్యాటరీ ఉండదు. కంట్రోలర్ పోర్టు నుంచే, అదే కేబుల్‌లో, సప్లై వస్తుంది. కాబట్టి తెర పూర్తిగా చీకటిగా ఉంటే ముందు ఇదే టెర్మినల్‌ను పక్క యంత్రం పోర్టుకు తగిలించి చూడండి. అక్కడ వెలిగితే మొదటి యంత్రంలో కంట్రోల్ సప్లై ఫ్యూజు గానీ పోర్టు పిన్ను గానీ పోయి ఉంటుంది. అక్కడా వెలగకపోతే కేబుల్ మార్చి చూడాలి. వెనక లైటు వెలుగుతూ అక్షరాలు మాత్రం కనిపించకపోతే కాంట్రాస్టు అమరిక తప్పి ఉండవచ్చు. రెండు వరసల చిన్న తెరలో పై వరస అంతా నల్లని గళ్లతో నిండి, కింది వరస ఖాళీగా ఉంటే మాత్రం అర్థం వేరు: తెరకు సప్లై అందింది, కానీ లోపలి ప్రాసెసర్ దానికి ఇంకా ఏమీ పంపలేదు. సప్లై వోల్టేజి తక్కువై ప్రాసెసర్ మొదలుకాలేకపోయినా ఇదే దృశ్యం కనిపిస్తుంది కనుక, బోర్డు పోయిందని తీర్మానించేముందు కేబుల్ చివర వోల్టేజి కొలవాలి.

సమస్య: తెర వెలుగుతుంది, కానీ కంట్రోలర్‌తో సంబంధం కుదరదు

కొత్తగా తగిలించినప్పుడే ఈ సందేశం వస్తే కారణం సాధారణంగా అమరికలోనే ఉంటుంది. బాడ్ రేటు (డేటా పంపే వేగం), ప్యారిటీ (తప్పు పట్టే అదనపు బిట్ అమరిక), కంట్రోలర్ అడ్రసు (లైను మీద దాని సంఖ్య), ఈ మూడూ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒకే లైను మీద రెండు కంట్రోలర్లకు ఒకే అడ్రసు ఉంటే రెండూ ఒకేసారి జవాబిచ్చి, తెర మీద ఒకసారి సరైన అంకె, మరోసారి చెత్త కనిపిస్తాయి. ఇది కొత్త కంట్రోలర్ బిగించిన మరునాడు ఎక్కువగా ఎదురయ్యే లోపం. ఆర్‌ఎస్-232 (ఒక పరికరాన్ని మరొకదానికి నేరుగా కలిపే సీరియల్ లింకు) పోర్టయితే కేబుల్ రకం కూడా చూడాలి. తొమ్మిది పిన్నుల కేబుళ్లు పైకి ఒకేలా ఉన్నా కొన్నిటిలో 2, 3 పిన్నులు నేరుగా, కొన్నిటిలో అడ్డంగా మారి ఉంటాయి. వేరే యంత్రం నుంచి అరువు తెచ్చిన కేబుల్ మీద మొదట అనుమానం పెట్టుకోవడంలో తప్పులేదు.

నిన్నటిదాకా బాగా నడిచి ఇవాళ ఆగిపోతే కారణం దాదాపుగా కేబులే. టెర్మినల్‌ను బల్ల మీద పెట్టి, కనెక్టర్ మెడ దగ్గర కేబుల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని, తెరను చూస్తూ నెమ్మదిగా నాలుగు వైపులా వంచండి. సంబంధం వచ్చి పోతుంటే తీగ ఆ నాలుగు అంగుళాల్లోనే తెగి ఉంది. అంతమేర కోసేసి కనెక్టర్‌ను మళ్లీ వేస్తే కేబుల్ మరికొంతకాలం పనికొస్తుంది. తరువాత కనెక్టర్‌ను వెలుతురుకు ఎత్తి, పిన్నుల వరసను పక్క నుంచి చూడండి. మిగతా వాటికంటే ఒక పిన్ను లోపలికి దిగి ఉంటే, తగిలించిన ప్రతిసారీ అది వెనక్కి జరుగుతోందన్నమాట. వేలితో ముందుకు లాగితే ఆ పూట గడుస్తుంది కానీ, కొత్త పిన్ను క్రింప్ చేసి లాక్ పడేలా దించితేనే సమస్య తీరుతుంది.

అనేక కంట్రోలర్లు ఒకే ఆర్‌ఎస్-485 లైను (అనేక పరికరాలు పంచుకునే రెండు తీగల సీరియల్ లైను) మీద ఉన్నప్పుడు మీటరుతో ఒక మంచి పరీక్ష చేయవచ్చు. లైను మీద ఉన్న అన్ని పరికరాలకూ సప్లై ఆపి, రెండు సిగ్నల్ తీగల మధ్య నిరోధం కొలవాలి. రెండు చివర్లలో 120 ఓమ్‌ల టెర్మినేషన్ (చివర బిగించే నిరోధకం) ఉన్న లైనులో సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర టెర్మినేషన్ లేదు లేదా మధ్యలో తీగ తెగింది. 40 వస్తే ఎవరో మధ్యలో మూడోది కూడా బిగించారు. ఈ రకం లైను సుమారు 1200 మీటర్ల వరకు పనిచేయగలదు, ఆర్‌ఎస్-232కు మాత్రం 15 మీటర్లు దాటకపోవడం మేలు. టెర్మినల్ సొంతంగా ప్రశ్నలు పంపే మాస్టర్‌గా ఉండే వ్యవస్థలలో ఒకే లైనుకు రెండు టెర్మినళ్లు తగిలిస్తే ఒకదాని మాటను మరొకటి చెడగొడుతుంది. రెండో చోట పనిచేస్తున్న మనిషిని అడిగి చూడడం మీటరు తీయడం కంటే తేలిక.

వెల్డు పడే క్షణంలోనే సంబంధం తెగితే అది నాయిస్ (విద్యుత్ అలజడి). వేల ఆంపియర్ల కరెంటు పారే సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి టిప్పులకు వెళ్లే) కేబుళ్ల పక్కనే సిగ్నల్ కేబుల్‌ను కట్టి తీసుకుపోవడం దీనికి సాధారణ కారణం. కేబుల్‌ను దూరంగా జరపాలి, దాటక తప్పని చోట లంబంగా దాటించాలి, షీల్డును తయారీదారు సూచించిన చివర సరిగా ఎర్త్ చేయాలి. టెర్మినల్‌ను కూడా గన్ గొంతు (టిప్పుల చేతుల మధ్య ఖాళీ) దగ్గర పట్టుకుని నిలబడవద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా ఈ యంత్రాల దగ్గరకే రాకూడదు.

సమస్య: కీలు పనిచేయవు

ఒక్క కీ మాత్రమే పడకపోతే ఆ కీ అరిగింది లేదా దాని మీద స్పాటర్ (వెల్డు రవ్వలు) పడి పొర కాలింది. ఒక అడ్డవరస లేదా నిలువువరస మొత్తం చచ్చిపోతే, కీప్యాడ్ నుంచి బోర్డుకు వెళ్లే పల్చటి రిబ్బన్‌లో ఒక గీత తెగింది లేదా సాకెట్‌లో వదులైంది. విప్పి, తుడిచి, మళ్లీ దించితే చాలాసార్లు సరిపోతుంది. ఒక నొక్కుకు రెండు అంకెలు పడుతుంటే కీప్యాడ్ మార్చండి. 10 కిలో ఆంపియర్లు అనుకుని నొక్కినది మరొకటిగా నమోదయ్యే కీప్యాడ్‌ను సర్దుకుని వాడుకోవడం ప్రమాదకరం.

సమస్య: అంకె మార్చినా నిలవదు

పాత అంకె ఎప్పుడు తిరిగి వస్తుందో గమనిస్తే కారణం సగం తెలిసిపోతుంది. వెంటనే తిరిగి వస్తే ఎంటర్ నొక్కకుండానే పక్క గడికి జరిగారు, లేదా ప్రోగ్రామ్ తాళం స్విచ్ లాక్‌లో ఉంది, లేదా మీ పాస్‌వర్డ్ స్థాయికి ఆ గడిని మార్చే హక్కు లేదు, లేదా మీరు కొట్టిన విలువ కంట్రోలర్ అనుమతించే హద్దు దాటింది. తరువాతి వెల్డు పడగానే తిరిగి వస్తే పీఎల్‌సీ (యంత్రాల వరసను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) గానీ రోబో గానీ ప్రతి సైకిలు ముందు తన దగ్గరున్న విలువలను కంట్రోలర్‌లోకి దింపుతోంది. అప్పుడు మార్పు అక్కడే చేయాలి, ఇక్కడ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. మెయిన్ ఆపి మళ్లీ వేశాక తిరిగి వస్తే, లేదా అన్నీ సున్నాలైతే, కంట్రోలర్ బోర్డు మీద మెమరీని కాపాడే లిథియం బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ తీసే క్షణంలోనే మిగిలిన విలువలు కూడా పోవచ్చు కనుక ముందు అన్నీ రాసుకోవాలి. కొన్ని బోర్డులలో కంట్రోల్ సప్లై ఉండగానే బ్యాటరీ మార్చాలి, కొన్నిటిలో ఆపి మార్చాలి. ఆ బోర్డు మాన్యువల్ ఏం చెబితే అదే చేయాలి.

సమస్య: అంకె మారింది, నిలిచింది, వెల్డు మాత్రం మారలేదు

ఎక్కువ సమయం తినేది ఈ సమస్యే. మొట్టమొదట చూడవలసినది మీరు మార్చిన షెడ్యూలూ (ఒక రకం స్పాటుకు కావలసిన సమయాలూ కరెంటూ కలిపిన, సంఖ్య ఉన్న జాబితా) యంత్రం నడుపుతున్న షెడ్యూలూ ఒకటేనా అన్నది. రోబో నుంచి షెడ్యూలు సంఖ్య సాధారణంగా 1, 2, 4, 8 అనే బిట్లుగా వేర్వేరు తీగల మీద వస్తుంది. వాటిలో 2 తీగ తెగితే 7వ షెడ్యూలు అడిగినప్పుడు 5 నడుస్తుంది, 6 అడిగితే 4, 3 అడిగితే 1. కానీ 1, 4, 5 అడిగినప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది. కొన్ని స్పాట్లు బాగుండి కొన్ని మాత్రమే చెడడం వల్ల అందరూ టిప్పులనో రేకునో తప్పుపడతారు. ఒకచోట ఈ లోపం కోసం ఒక పూటంతా టిప్పులు మార్చుతూ గడిపాను. చివరికి టెర్మినల్‌లో ఇన్‌పుట్ స్థితి పేజీ తెరిచి, ఒక్కొక్క స్పాటుకు ఏ బిట్లు వెలుగుతున్నాయో చూస్తే పది నిమిషాల్లో తేలిపోయింది. అప్పటినుంచి ఆ పేజీతోనే మొదలుపెడుతున్నాను.

షెడ్యూలు సరైనదేనని తేలితే, కంట్రోలర్ ఏ పద్ధతిలో ఉందో చూడాలి. స్థిర కరెంటు పద్ధతిలో ఉన్నప్పుడు శాతం గడిని ఎంత పెంచినా వెల్డు మారదు, ఎందుకంటే కంట్రోలర్ కిలో ఆంపియర్ల గడినే చదువుతుంది. టిప్పులు కలిసినా కరెంటు అసలే రాకపోతే 'నో వెల్డ్' స్విచ్‌ను చూడండి. సెటింగు కోసం ఎవరో తిప్పి మరచిపోయి ఉంటారు.

తరువాత స్టెప్పర్. వాడేకొద్దీ టిప్పు ముఖం పుట్టగొడుగులా విచ్చుకుని, అదే కరెంటు ఎక్కువ విస్తీర్ణంలో పరుచుకుంటుంది. దాన్ని పూడ్చడానికి స్టెప్పర్ స్పాట్ల లెక్కను బట్టి కరెంటును మెట్టుమెట్టుగా పెంచుతుంది. టిప్పును డ్రెస్ చేసి (ముఖాన్ని మళ్లీ చెక్కి సరిచేసి) కౌంటరును రీసెట్ చేయకపోతే కొత్త చిన్న ముఖం మీద పాత పెద్ద కరెంటు పడి రవ్వలు ఎగురుతాయి, రేకు కాలుతుంది. డ్రెస్ చేయకుండానే రీసెట్ నొక్కితే దీనికి సరిగ్గా వ్యతిరేకం: స్పాటు చూడడానికి బాగానే ఉంటుంది, ఉలితో ఊడదీస్తే ఊడివస్తుంది. తెర మీద బేస్ కరెంటును మాత్రమే చూసి తృప్తి పడకుండా, స్టెప్పర్ కలిపిన విలువనూ చివరి వెల్డులో కొలిచిన కరెంటునూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అడిగిన కరెంటు కంటే కొలిచినది తక్కువగా ఉండి, థైరిస్టర్ల కండక్షన్ (ప్రతి సైకిలులో ఆన్‌లో ఉండే భాగం) అప్పటికే గరిష్ఠానికి చేరి ఉంటే ఇక టెర్మినల్‌తో చేయగలిగినది లేదు. సెకండరీలో వదులైన బోల్టు, నల్లబడిన షంట్ (వంగే రాగి పట్టీ), లోపల తీగలు తెగిన కిక్‌లెస్ కేబుల్ (గన్‌కు వెళ్లే, నీటితో చల్లబడే జంట కేబుల్), పడిపోతున్న లైను వోల్టేజి, వీటిని వెతకాలి. కొలిచిన అంకె సరిగా ఉండి వెల్డు మాత్రం బలహీనంగా ఉంటే టిప్పుల ఒత్తిడినీ కరెంటు కొలిచే కాయిల్‌నూ విడి మీటరుతో సరిచూడాలి.

సమయం ప్రమాణం విషయంలో కూడా ఒక చిక్కుంది. ఏసీ కంట్రోలర్లలో సమయాన్ని లైను సైకిళ్లలో లెక్కిస్తారు. 60 హెర్ట్జ్ సప్లై కోసం తయారైన పట్టికలోని 12 సైకిళ్లు 200 మిల్లీసెకన్లయితే, 50 హెర్ట్జ్ సప్లైలో అదే 12 సైకిళ్లు 240 మిల్లీసెకన్లవుతాయి. కరెంటు మారకపోయినా వేడి ఆ మేరకు పెరుగుతుంది. అక్కడ 10 సైకిళ్లు పెట్టాలి. మిల్లీసెకన్లలో సమయం తీసుకునే ఇన్వర్టర్ కంట్రోలర్‌లో అలవాటు కొద్దీ 12 అని నొక్కితే స్పాటు అంటుకోనే అంటుకోదు.

మార్పు ఫలించిందో లేదో తెర చెప్పలేదు. వ్యర్థపు రేకు మీద స్పాటు వేసి, ఊడదీసి, గుండీ (ఊడదీసినప్పుడు రేకు మీద మిగిలే గుండ్రని ముద్ద) వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవాలి. మిల్లీమీటర్లలో రేకు మందానికి వర్గమూలం తీసి, దానికి 4 నుంచి 5 రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత, 1.2 మిల్లీమీటర్ల రేకుకు అది సుమారు 4.4 నుంచి 5.5 మిల్లీమీటర్లు.

సమస్య: ఫాల్టు రీసెట్ కాదు

రీసెట్ నొక్కేముందు ఫాల్టు జాబితాను చదివి, మొదట వచ్చిన కోడ్‌ను గుర్తించాలి. తరువాతివి తరచుగా దాని వెంట వచ్చినవే. రీసెట్ చేసిన వెంటనే మళ్లీ వస్తే కారణం ఇంకా అలాగే ఉంది. స్టార్టు పెడల్ లేదా రోబో సిగ్నల్ వెలిగి ఉండిపోయినా, నీటి ప్రవాహం స్విచ్ పడకపోయినా, థైరిస్టర్ మీది థర్మోస్టాట్ ఇంకా చల్లబడకపోయినా ఇలాగే జరుగుతుంది. ఒక్క కోడ్ విషయంలో మాత్రం రెండోసారి రీసెట్ నొక్కకూడదు: ఫైర్ చేయకుండానే కరెంటు పారిందని చెప్పే కోడ్. అది థైరిస్టర్ షార్టయిందనడానికి గుర్తు. టిప్పులు మూసుకున్న మరుక్షణం అదుపులేని కరెంటు వస్తుంది. మెయిన్ ఆపి థైరిస్టర్‌ను పరీక్షించాకే ముందుకు పోవాలి.

సమస్య: ఒక కంట్రోలర్ నుంచి మరొకదానికి కాపీ చేశాక వెల్డులన్నీ చెడ్డాయి

కాపీ చేసినప్పుడు షెడ్యూళ్లతో పాటు సెటప్ పేజీ కూడా వెళ్లిందేమో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ టర్న్స్ నిష్పత్తి (ప్రైమరీ, సెకండరీ చుట్ల నిష్పత్తి), కాయిల్ క్యాలిబ్రేషన్, కంట్రోలర్ అడ్రసు, ఇవి ఆ యంత్రానికే చెందిన విలువలు. మొదటి యంత్రం నిష్పత్తి రెండోదాంట్లోకి చేరితే, ప్రైమరీ వైపు కొలిచే కంట్రోలర్‌లో తెర మీద కిలో ఆంపియర్లు సరిగానే కనిపిస్తాయి, టిప్పుల మధ్య పారేది వేరుగా ఉంటుంది. మీరు ముందే రాసిపెట్టుకున్న కాగితంలోని సెటప్ విలువలను చేత్తో తిరిగి కొట్టి, షెడ్యూళ్లను మాత్రమే మళ్లీ కాపీ చేయండి. రెండు కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వేరైతే అది కూడా చేయకుండా, షెడ్యూళ్లను ఒక్కొక్కటిగా చేత్తోనే ఎక్కించండి.