యూఈవీఆర్‌తో మామూలు గేమ్‌ను వీఆర్‌లో ఆడే ముందు జాగ్రత్తలు

యూఈవీఆర్ అంటే మామూలు పీసీ గేమ్‌ను వీఆర్ హెడ్‌సెట్‌లో ఆడనిచ్చే మాడ్ (గేమ్‌ను మార్చే అదనపు సాఫ్ట్‌వేర్). ఇది అన్‌రియల్ ఇంజిన్ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) 4, 5తో చేసిన గేమ్‌లకే పనిచేస్తుంది. ముందు అది చూసుకోండి.

□ యాంటీచీట్ (మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న ఆన్‌లైన్ గేమ్‌లో అస్సలు వద్దు. ఈ మాడ్ నడుస్తున్న గేమ్‌లోకి బయటి ఫైలును చొప్పిస్తుంది. యాంటీచీట్ దాన్ని మోసంగానే లెక్కేస్తుంది. అకౌంట్ బ్యాన్ అయితే పెట్టిన డబ్బు, పడ్డ శ్రమ రెండూ పోతాయి. సింగిల్ ప్లేయర్ గేమ్‌లకే వాడండి.

□ సేవ్ ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి.

□ డౌన్‌లోడ్ అసలు గిట్‌హబ్ పేజీ నుంచే. యాంటీవైరస్ అడ్డుకుంటే ఆ ఫోల్డర్‌కు మాత్రమే మినహాయింపు ఇవ్వండి, మొత్తం ఆపేయకండి.

□ విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ జీపీయూ షెడ్యూలింగ్ ఆఫ్ చేయండి. గేమ్ మీద ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లో) చూపించే ఓవర్‌లేలు కూడా.

□ హెడ్‌సెట్ కనెక్ట్ చేశాకే గేమ్ తెరవండి, గేమ్ మెనూ వచ్చాక యూఈవీఆర్‌ను ఇంజెక్ట్ చేయండి (గేమ్‌లోకి చొప్పించండి). క్రాష్ అయితే యూఈవీఆర్‌లో ఓపెన్‌ఎక్స్‌ఆర్ బదులు ఓపెన్‌వీఆర్ పెట్టి చూడండి (రెండూ హెడ్‌సెట్‌తో కలిపే పద్ధతులే). ఒక కంట్లో నీడలు తేడాగా కనిపిస్తే యూఈవీఆర్‌లో రెండు కళ్లకూ బొమ్మ గీసే పద్ధతిని నేటివ్ స్టీరియో నుంచి సింక్రనైజ్డ్ సీక్వెన్షియల్‌కు మార్చండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

□ తల తిరిగినట్టు అనిపిస్తే ఓర్చుకోవద్దు, వెంటనే హెడ్‌సెట్ తీసేయండి. కెమెరా తనంతట తాను కదిలే సీన్లలోనే ఇది ఎక్కువ.