వించ్‌తో బండి లాగేటప్పుడు తాడు దగ్గర జాగ్రత్తగా ఎలా ఉండాలి?

బురదలోనో ఇసుకలోనో దిగబడిన బండిని వించ్‌తో బయటికి లాగడం పెద్ద విద్యేమీ కాదు. వించ్ అంటే బండి ముందు బిగించే, మోటారుతో తాడు చుట్టే యంత్రం. బటన్ నొక్కితే డ్రమ్ తిరుగుతుంది, తాడు చుట్టుకుంటుంది, బండి కదులుతుంది. కానీ ఈ పని జరిగే చోటల్లా నాకు ఒకటే కనిపిస్తుంది. తాడు బిగుసుకుని ఉంటుంది. దానికి రెండడుగుల దూరంలో నలుగురు నిలబడి ఫోన్లలో వీడియో తీస్తుంటారు. ఇంకొకాయన అవతలికి వెళ్లడానికి తాడు మీదుగా కాలు దాటిస్తాడు. బండి బయటికి వచ్చేస్తుంది, ఎవరికీ ఏమీ కాదు, దాంతో అదే సరైన పద్ధతి అనుకుని తర్వాతిసారి కూడా అలాగే చేస్తారు. నన్ను అడిగితే, బండి బయటికి రావడం రెండో సంగతి. తాడు తెగినా, కొక్కెం ఊడినా దాని దారిలో మనిషన్నవాడు లేకుండా చూసుకోవడమే వించ్ పనిలో మొదటి సంగతి.

కావలసినవి

మందపాటి లెదర్ గ్లవుజులు, రెండు డ్యాంపర్లు (తాడు తెగితే ఎగరకుండా దాని మీద వేసే బరువైన పట్టాలు), చెట్టుకు చుట్టడానికి వెడల్పాటి నైలాన్ బెల్టు, రెండు మూడు బో షాకిళ్లు (అడ్డంగా పిన్ను బిగించే ఇనుప కొండీలు), ఒక స్నాచ్ బ్లాక్ (అంటే పక్క తెరుచుకునే కప్పీ), ఒక పార. ప్రతి షాకిల్ మీద ఎన్ని టన్నుల దాకా వాడొచ్చో అచ్చుపోసి ఉండాలి. 19 మిల్లీమీటర్ల షాకిల్‌కి మామూలుగా 4.75 టన్నులు అని ఉంటుంది. అంకె లేని షాకిల్‌ని పెట్టెలోంచి తీసేయండి. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తొందరలో అదే చేతికొస్తుంది.

వించ్ సామర్థ్యం బండి మొత్తం బరువుకి, అంటే మనుషులూ సామానూ కలిపి, కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండున్నర టన్నుల బండికి 9,500 పౌండ్ల వించ్, అంటే దాదాపు 4,300 కిలోలది, సరిపోతుంది. అయితే ఆ అంకె డ్రమ్ మీద అన్నిటికంటే కింద ఉన్న మొదటి పొరకే వర్తిస్తుంది. పైన పొరలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. అందుకే తాడు ఎంత ఎక్కువ విప్పితే అంత మంచిది. అలాగని మొత్తం విప్పకూడదు. స్టీల్ తాడైతే కనీసం 5 చుట్లు, సింథటిక్ అయితే 10 చుట్లు డ్రమ్ మీదే ఉండాలి. తాడు కొసని డ్రమ్‌కి పట్టి ఉంచే బోల్టు ఆ భారం మోయలేదు, మోసేది ఆ చుట్ల రాపిడే.

ముందు తవ్వండి

చక్రాల ముందు, బండి అడుగున ఉన్న బురదని పారతో తీసేయండి. చక్రాలు సగం మునిగిన బండికీ బాడీ దాకా కూరుకుపోయిన బండికీ తాడు మీద పడే భారంలో చాలా తేడా ఉంటుంది. బాగా లోతుగా దిగిన బండిని కదిలించడానికి దాని బరువుకి రెండు మూడు రెట్లు లాగాల్సి రావచ్చు. కాసేపు పార పడితే అందులో చాలా మటుకు తగ్గిపోతుంది. చాలామంది ఈ పని మానేసి నేరుగా బటన్ నొక్కుతారు.

తగిలించడం

డ్రమ్ వదులుగా తిరిగేలా వించ్ క్లచ్ వదిలి, తాడుని చేత్తో లాక్కుంటూ వెళ్లండి. చెట్టుకి బెల్టు వీలైనంత కిందగా, మొదలు దగ్గర చుట్టండి. బెల్టు రెండు కొసల్నీ ఒక షాకిల్‌లో కలిపి, ఆ షాకిల్‌కి వించ్ కొక్కెం తగిలించండి. తాడునే చెట్టుకి చుట్టి కొక్కేన్ని దానికే వెనక్కి తగిలించడం ఎప్పుడూ చేయకూడదు. కొక్కెం ఆనిన చోట తాడు వంగి నలుగుతుంది, చెట్టు బెరడు కోసుకుపోతుంది. షాకిల్ పిన్ను చేత్తో చివరిదాకా బిగించాలి. కొక్కెం నోరు పైకి ఉండాలి. ఒకవేళ కొక్కెం తెరుచుకుపోయినా కిందికి, నేలవైపు పోయే అవకాశం ఎక్కువ.

చెట్టుకి కాకుండా ఇంకో బండి వించ్‌తో లాగుతుంటే, దిగబడిన బండి వైపు చాసిస్‌కి బోల్టులతో బిగించిన, రేటింగ్ ఉన్న రికవరీ పాయింటుకే (బండిని లాగడానికని పెట్టిన కొక్కేనికే) తగిలించాలి. లారీ మీద, ఓడ మీద బండిని కట్టి ఉంచడానికి ఇచ్చే సన్నటి కొక్కేలు ఈ పనికి పనికిరావు. టో బాల్, అంటే ట్రైలర్ తగిలించడానికి బండి వెనక ఉండే ఇనుప గుండు, అసలే పనికిరాదు. లాగే బలానికి టో బాల్ విరిగి, వెనక అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకొచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలు ఆస్ట్రేలియాలో జరిగాయి. ఇంకో దారి లేదని ఎవరైనా టో బాల్‌కి తగిలిస్తుంటే పని ఆపించండి.

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. అసలు ప్రమాదం ఇక్కడి నుంచే.

తాడు బిగించడం

మొదట సంగతి అర్థం చేసుకోవాలి. బిగిసిన తాడు కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడులో టన్నుల బలం దాగి ఉంటుంది. ఎక్కడ తెగినా, దేన్నుంచి ఊడినా ఆ బలమంతా ఒక్క క్షణంలో బయటపడుతుంది, తప్పుకునే సమయం ఎవరికీ ఉండదు. స్టీల్ తాడు బరువు కాబట్టి కొట్టే దెబ్బ ఘోరంగా ఉంటుంది, పైగా పక్కలకి కూడా కొరడాలా తిరుగుతుంది. సింథటిక్ తాడు తేలిక, బలాన్ని తక్కువగా దాచుకుంటుంది, తెగితే చాలాసార్లు దగ్గర్లోనే పడిపోతుంది. నేను సింథటిక్కే వాడతాను, మీరూ అదే వాడాలంటాను. కానీ "సింథటిక్ కదా, డ్యాంపర్ ఎందుకు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తాడు తేలికే కావచ్చు, దాని కొసనున్న కొక్కెం తేలిక కాదు, షాకిల్ తేలిక కాదు, బంపర్ నుంచి ఊడొచ్చిన ఇనుప ముక్క అంతకన్నా కాదు.

డ్యాంపర్ని తాడు బిగియకముందే వేయాలి. తాడు పొట్టిగా ఉంటే మధ్యలో ఒకటి, పొడుగ్గా ఉంటే రెండు. డ్యాంపర్ లేకపోతే బరువైన దుప్పటి, తడిసిన జాకెట్టు, ఫ్లోర్ మ్యాట్ ఏదైనా వేయండి, ఖాళీగా మాత్రం వదలకండి. తాడు చుట్టుకునేకొద్దీ డ్యాంపర్ వించ్ దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు ఆపి, తాడు వదులు చేసి, డ్యాంపర్ని మళ్లీ వెనక్కి జరపాలి. బిగువు మీదున్న తాడు మీదే దాన్ని చేత్తో జరిపేవాళ్లని చూస్తుంటాను. ఆ అలవాటుంటే ఇవాళే మానుకోండి.

డ్యాంపర్ వేశాక అందర్నీ దూరం పంపండి. ఎంత దూరం అంటే, బయటికి విప్పిన తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు. 20 మీటర్ల తాడైతే 30 మీటర్లు. తాడుకి అటూ ఇటూ మాత్రమే కాదు, తాడు గీతని రెండు వైపులా పొడిగిస్తే వచ్చే దారిలో, అంటే బండి వెనకా చెట్టు వెనకా కూడా ఎవరూ ఉండకూడదు. వీడియో కావాలంటే దూరం నుంచి జూమ్ చేసుకోమనండి. పిల్లలుంటే వాళ్లని పట్టుకుని ఉండడమే పనిగా ఒక పెద్దమనిషిని పెట్టండి.

స్నాచ్ బ్లాక్ వాడితే ఇంకో ప్రమాదం ఉంది, ఇది చాలామందికి తట్టదు. కప్పీ చుట్టూ తిరిగి వచ్చిన తాడు రెండు వరసలుగా, మడతలా ఉంటుంది. తాడు రెండో కొసని వించ్ ఉన్న బండికే తగిలిస్తే లాగే బలం దాదాపు రెట్టింపు అవుతుంది, వేగం సగమవుతుంది, మోటారుకి సుఖం. కానీ ఆ రెట్టింపు బలమంతా కప్పీని పట్టుకున్న బెల్టు మీదా షాకిల్ మీదా పడుతుంది. అవి రెట్టింపు భారానికి తగినవై ఉండాలి. అవి తెగితే కప్పీ రాయిలా మడత లోపలికి దూసుకొస్తుంది. ఆ రెండు వరసల మధ్య ఖాళీగా కనిపించే స్థలమే అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు.

ఇప్పుడు రిమోట్ తీసుకుని తాడు నేల మీంచి లేచి తిన్నగా అయ్యేదాకా మాత్రమే చుట్టండి. ఆపండి. ఇక్కడ ఆపడం అందరూ ఎగ్గొట్టేస్తారు. నా లెక్కలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. రిమోట్ మీంచి బొటనవేలు తీసేసి, ఉన్నచోటి నుంచే చూడండి. కొక్కెం నాలుక మూసుకుని ఉందా? షాకిల్ అడ్డం తిరిగిందా? బెల్టు చెట్టు మీద పైకి జారిందా? డ్రమ్ మీద తాడు ఒక పక్కకే గుట్టగా పడుతోందా? ఎక్కడైనా రాయి అంచుకి ఒరుసుకుంటోందా? స్టీల్ తాడు బిగిసేటప్పుడు పోగులు సర్దుకుంటూ సన్నగా కిర్రుమంటాయి, అంటిన బురద చిటపటా రాలిపోతుంది. అది మామూలే. కానీ టప్పుమని చప్పుడైతే, తాడు మీద ఒక పోగు మీసంలా లేచి కనిపిస్తే అక్కడితో ఆపేయాలి.

ఏదైనా సరిచేయాలంటే ముందు వదులు చేయండి, తర్వాతే దగ్గరికి వెళ్లండి. బిగిసిన తాడుని కాలితో తన్ని చూడడం, చేత్తో నొక్కి ఎంత బిగిసిందో చూడడం, మీదుగా దాటడం, కిందనుంచి దూరడం, ఇవేవీ వద్దు. తాడు బిగువులో ఉండగా దాని దగ్గరికి వెళ్లి చేయాల్సిన పని ఒక్కటి కూడా లేదు.

వించ్ నడిపేవాళ్లు బండి లోపల కూర్చుని, రిమోట్ తీగని కిటికీలోంచి లోపలికి తీసుకుని, బానెట్ ఎత్తి పెట్టుకోవాలి. తెగిన తాడు ముందుకొస్తే అద్దానికి బానెట్ అడ్డుంటుంది. ముందు కనపడదని కొందరు బానెట్ ఎత్తరు. కనపడకపోతే సైగలు చేసే మనిషిని పక్కకి, దూరంగా, మీకు కనిపించే చోట నిలబెట్టుకోండి. సైగలు ఒక్కరే చేయాలి. "ఆపు" అని మాత్రం ఎవరైనా అరవొచ్చు, ఎవరు అరిచినా ఎందుకని అడక్కుండా ఆపాలి.

లాగడం

కొద్దికొద్దిగా, ఆగి ఆగి లాగండి. మోటారు కూడా చల్లారుతుంది. దిగబడిన బండిలో ఉన్నవాళ్లు చక్రాలు మెల్లగా తిప్పుతూ సాయం చేయాలి, యాక్సిలరేటర్ తొక్కేయకూడదు. తొక్కితే చక్రాలు ఒక్కసారిగా పట్టు దొరికి బండి ముందుకు ఉరుకుతుంది, తాడు వదులవుతుంది. మరుక్షణం బండి మళ్లీ ఆగితే తాడు కుదుపుతో బిగుస్తుంది. నెమ్మదిగా లాగితే తట్టుకునే తాడు ఆ కుదుపుకి తెగిపోవచ్చు.

ఇక సాగే బెల్టు పెట్టి రెండో బండితో పరుగెత్తించి గుంజడం తేలికని వాదించేవాళ్లు ఉంటారు. తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ ఎంత బలం పడుతోందో ఎవరి చేతిలోనూ ఉండదు. వించ్‌లో ప్రతి అంగుళమూ నా బొటనవేలి కింద ఉంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలను. వించ్ ఉన్నచోట ఆ గుంజుడు నేను ఒప్పుకోను. పొడవు చాలలేదని ఆ సాగే బెల్టునే తెచ్చి వించ్ తాడుకి కలిపేవాళ్లూ ఉన్నారు. సాగేదాన్ని కలిపితే దాగే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పొడవు కావాలంటే సాగని పొడిగింపు తాడే వాడాలి.

తిరిగి చుట్టడం

బండి గట్టి నేల మీదికొచ్చాక బ్రేకు వేసి, తాడు వదులు చేసి, తర్వాతే కొక్కెం విప్పండి. ఇక అయిపోయిందనుకుని అందరూ ఏమరుపాటుగా ఉంటారు, వేళ్లు నలిగేది ఇప్పుడే. తాడు పట్టుకున్న చేయి ఫెయిర్‌లీడ్‌కి (తాడు వించ్‌లోకి వెళ్లే దారి చట్రానికి) రెండు మీటర్ల దూరంలో ఆగిపోవాలి. అక్కడి నుంచి కొక్కేన్ని వేళ్లతో కాదు, దానికి కట్టిన చిన్న పట్టీతో పట్టుకోండి. చివరి మీటరు బటన్‌ని తట్టి తట్టి వదులుతూ చుట్టండి. రిమోట్ కొక్కెం పట్టుకున్న మనిషి చేతిలోనే ఉండాలి, వేరేవాళ్లకి ఇవ్వకండి.

వదులుగా చుట్టిన తాడు తర్వాతిసారి భారం పడగానే కింది పొరల్లోకి కూరుకుపోతుంది. కాబట్టి వీలైనప్పుడు చదునైన చోట తాడంతా విప్పి, చివరి చుట్లు అలాగే ఉంచి, బండినే మెల్లగా లాక్కునేలా చేసి వరసగా చుట్టండి. సింథటిక్ తాడుని నీళ్లతో కడిగి ఆరబెట్టండి, పోగుల్లో ఇరుక్కున్న ఇసుక లోపల్లోపలే కోసేస్తుంది. స్టీల్ తాడు గట్టిగా మడతపడితే సుత్తితో సాపు చేసి వాడకండి. ఆ మడత దగ్గరే తెగుతుంది, తాడు మార్చేయండి.