అడుగు చూసి ఊదుడు గాజు వయసు కట్టడం

బరంపురం, పర్లాకిమిడి వైపు పాత ఇళ్లలో అటక సర్దితే ఇత్తడి సామాను వెనక అత్తరు సీసాలు, రంగు గ్లాసులు బయటపడుతుంటాయి. వాటిని చింతపండు, బూడిద పెట్టి తోమకండి. వయసు చెప్పే గీతల్లో కొత్త గీతలు కలిసిపోతాయి. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. పది రెట్లు చూపే భూతద్దం, టార్చి దగ్గర పెట్టుకోండి.

గ్లాసు బోర్లించి అడుగు మధ్యలో మెల్లగా వేలితో తడమండి, పదునైన అంచు వేలిని కోయగలదు. గరుకు మచ్చ తగిలితే అది పాంటిల్ గుర్తు. ఊదిన పాత్రకు మూతి దిద్దేటప్పుడు పట్టుకోవడానికి అడుగున ఇనుప కడ్డీ అతికిస్తారు. పని అయ్యాక దాన్ని విరిచిన చోటే ఈ మచ్చ. గొట్టంతో పట్టుకుంటే ఉంగరంలా, కడ్డీతో అయితే ముద్దలా ఉంటుంది. సీసా అడుగున నలుపో తుప్పు ఎరుపో మిగిలితే అది ఇనుప పాంటిల్ (కడ్డీ కొసన గాజు ముద్ద లేకుండా ఇనుమే నేరుగా అంటించినది), దాదాపు 1845–1870 నాటిది. నున్నటి గుంట కనిపిస్తే మచ్చను సానపట్టారన్నమాట.

మచ్చ ఉంటే పాతదే అనుకుని పప్పులో కాలేసేవాళ్లే ఎక్కువ. సీసాలకు ఆ లెక్క కొంత నప్పుతుంది. 1860ల తర్వాత వాటిని అడుగు చుట్టూ పట్టే స్నాప్ కేస్ పట్టుకారుతో పట్టారు, మచ్చ పడలేదు. గ్లాసులకు, జగ్గులకు నప్పదు. చేతిపని గాజుకు కడ్డీ అతికించడం నేటికీ ఉంది.

కాబట్టి అరుగుదల చూడాలి. బల్ల తాకే అంచు మీదే, అన్ని దిక్కులకూ, సన్నవీ లోతైనవీ కలిసిన గీతలు ఉండాలి. ఒకే దిక్కుకి వరసగా ఉంటే ఎవరో గరుకు కాగితం రుద్దారు. బల్ల తాకని గుంటలోనూ అరుగు కనిపిస్తే అనుమానించండి.

సీసా మీద అచ్చు భాగాలు కలిసిన అతుకు గీత మూతి అంచును దాటిపోతే అది చాలావరకు యంత్రపు సరుకు. అడుగున పక్కకు జరిగిన వలయం, దాని అంచు ఈకల్లా ఉంటే అది ఓవెన్స్ అనే సీసాల యంత్రం చేసింది, 1903కు ముందుది కాదు.

వజ్రం (డైమండ్) ఆకారపు ముద్ర బ్రిటిష్ డిజైను నమోదుది, 1842–1883. పైన వలయంలో రోమన్ మూడు ఉంటే గాజు తరగతి. ఇది ఎక్కువగా అచ్చు గాజుపైనే కనిపిస్తుంది. 1884 నుంచి వరస నంబరు వేశారు. రెండూ నమూనా నమోదైన తేదీనే చెబుతాయి, మీ చేతిలోని గ్లాసు తయారైన తేదీని కాదు. 'చెకోస్లొవేకియా' అని ఉంటే 1918–1992 మధ్యది.

ఆమ్లంతో అద్దిన ముద్రను మాత్రం వెంటనే నమ్మొద్దు, ఇప్పుడైనా వేయొచ్చు. టార్చి పక్కనుంచి పట్టండి: పాత గీతలు ముద్రను కోస్తూ పోవాలి. ముద్రే గీతల మీద పడి ఉంటే తర్వాత వేసింది.