తక్కువ బడ్జెట్‌లో ఫ్రెట్‌లెస్ బేస్ గిటార్ ఎలా ఎంచుకోవాలి?

ఫ్రెట్‌లెస్ (మెడ మీద ఫ్రెట్లు, అంటే అడ్డంగా బిగించే సన్నని లోహపు పట్టీలు, లేని బేస్) కొనాలనుకోగానే చాలామంది బ్రాండు, పికప్‌లు (తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే భాగాలు), రంగు చూడటం మొదలుపెడతారు. ముందు చూడాల్సింది నెక్ (గిటార్ మెడ), దాని మీది ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే చెక్క పలక). మామూలు బేస్‌లో తీగ ఫ్రెట్ మీద ఆనుతుంది కాబట్టి చెక్క కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా చెల్లిపోతుంది, ఇందులో తీగ నేరుగా చెక్కకే తగులుతుంది, ఎక్కడ చిన్న మిట్ట ఉన్నా స్వరం గరగరలాడుతుంది, లేదా నిలబడకుండా చచ్చిపోతుంది. పికప్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మెలితిరిగిన నెక్‌ని మాత్రం బాగుచేయించే ఖర్చులో ఇంకో బేస్ వచ్చేస్తుంది.

మొదట, బోర్డు మీద ఫ్రెట్ల చోట్లు చూపించే గీతలు కావాలా వద్దా తేల్చుకోండి. ఇదే మొదటి ఫ్రెట్‌లెస్ అయితే గీతలున్నదే తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. వేలు గీతకి వెనక కాదు, సరిగ్గా గీత మీదే పెట్టాలి. గీతలు లేనివాటిలో నెక్ పక్కన చుక్కలు మాత్రమే ఉంటాయి, అవి కొన్నిట్లో ఫ్రెట్ ఉండాల్సిన చోటే ఉంటాయి, కొన్నిట్లో మామూలు బేస్‌లో లాగా రెండు ఫ్రెట్ల మధ్యలో. కనిపెట్టడం తేలికే: 12వ ఫ్రెట్ ఉండాల్సిన చోట తీగని వేలితో ఊరికే తాకి హార్మోనిక్ (నొక్కకుండా తాకితే వచ్చే గంటలాంటి స్వరం) వాయించండి, అది చుక్కకి ఎదురుగా మోగితే మొదటి రకం.

తర్వాత, ఎక్కడ వెతకాలి? స్క్వయర్ కంపెనీ క్లాసిక్ వైబ్ జాజ్ బేస్‌లో ఫ్రెట్‌లెస్ ఉంది. యూరప్‌లో హార్లీ బెంటన్ బ్రాండు చవక, కానీ ఇండియాకి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి ఆ చవకని మింగేస్తాయి. అందుకే సెకండ్‌హ్యాండ్ చూడండి, లేదా నెక్ నిటారుగా ఉన్న మామూలు బేస్ కొని, తెలిసిన రిపేరర్ చేత ఫ్రెట్లు తీయించండి. 1961లో బిల్ వైమన్ (తర్వాత రోలింగ్ స్టోన్స్ బేసిస్ట్) చేసింది అదే, ఓ చవక బేస్ ఫ్రెట్లు పీకేశాడు. కంపెనీ తయారీ ఫ్రెట్‌లెస్ బేస్‌ని ఆంపెగ్ తెచ్చింది 1966లో. ఫ్రెట్లని వేడి చేసి మెల్లగా తీయాలి, గాళ్లలో పలచని చెక్క పట్టీలు నింపి బోర్డుని సమం చేయాలి, నట్ (మెడ పై చివర తీగలు ఆనే చిన్న పట్టీ) గాళ్లు కూడా కిందికి దించాలి. ఈ చివరి పని మర్చిపోతే తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పెడతాయి.

చేతికొచ్చాక పరీక్ష ఇలా. ఒక తీగని మొదటి ఫ్రెట్ చోట, చివరి ఫ్రెట్ చోట రెండు చేతులతో నొక్కి పట్టి మధ్యలో చూడండి, సన్నని సందు ఉండాలి. సందు మరీ ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే లోపలి లోహపు కడ్డీ) తిరుగుతుందో లేదో అమ్మేవాళ్లనే తిప్పి చూపించమనండి. నెక్‌ని కంటికి ఆనించి తుపాకీ గురి చూసినట్టు చూస్తే మెలిక తెలుస్తుంది. ఆ తర్వాత ఒక్కో తీగ మీద వేలు కింది నుంచి పైదాకా నిదానంగా జార్చండి, ఒకే చోట పదేపదే గరగర వస్తే, లేదా మోత ఆగిపోతే, ధర ఎంత తగ్గించినా వద్దు. జీ తీగ కింద చెక్కలో చార పడిందేమో కూడా చూడండి, పాతవాటిలో ఇది మామూలే, లోతు తక్కువైతే సాపు చేయించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

బడ్జెట్‌లో తీగలకీ సెటప్‌కీ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయించడం) కొంత విడిగా ఉంచుకోండి. రోజ్‌వుడ్ బోర్డుకి ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే తీగలు) వేయండి, చెక్కని అంతగా తినవు. ఫ్రెట్‌లెస్ అనగానే గుర్తొచ్చే ఆ సాగే మూలుగు రౌండ్‌వౌండ్‌ (పైచుట్టు గరుకుగా ఉండే తీగలు)తోనే బాగా పలుకుతుంది, కానీ అవి చెక్కని రాపాడేస్తాయి. ఫ్రెట్‌లెస్ బేస్‌కి పేరుపడ్డ జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బేస్ బోర్డుకి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత వేసింది అందుకే.