చెక్క నమూనా ఇల్లు: ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

బెజవాడ, గుంటూరుల్లో వేసవి సెలవుల్లో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు నమూనా ఇళ్లు కట్టడం నేర్పేవాళ్ల కోసం ఇది. లెక్కలన్నీ 1:50 కొలతకు, అంటే అసలు ఇంటి అడుగు నమూనాలో 6.1 మి.మీ. పదడుగుల గోడ 61 మి.మీ., ఏడడుగుల తలుపు 43. బయటి గోడలకు 4 మి.మీ. ప్లైవుడ్, లోపలి గోడలకు 2 మి.మీ. బాల్సా (తేలికైన మెత్తటి చెక్క) చాలు. తప్పు కనిపించేది చెక్కలోనే గానీ, చాలాసార్లు అది పుట్టేది కాగితం మీద. అందుకే పిల్లవాడి చేతిలో కట్టర్ తీసుకుని మీరే సరిచేసేయకండి. వెనక్కి వెళ్లి వాడినే వెతకనివ్వండి.

గదులు బేస్ మీద పట్టడం లేదు

ఒకరు అడుగుకి 6 మి.మీ. అని గుండుగుత్తగా వేశారు, పక్కవాళ్లు 6.1 వేశారు. 40 అడుగుల ఇంటికి 240, 244 వస్తాయి. ఆ 4 మి.మీ. ఒక గోడ మందం. ఇక్కడి పిల్లలు గజాల్లో, అడుగుల్లో ఆలోచిస్తారు. వాళ్లని మీటర్లలోకి లాగితే ఇంకో తప్పు చేరుతుంది. అట్ట ముక్క మీద పదడుగులకి 61 మి.మీ. చొప్పున గీతలు కొట్టి అడుగుల పట్టీ చేయించండి. జట్టు మొత్తానికీ అదొక్కటే కొలబద్ద.

నాలుగు గోడలు నిలబెడితే ఒక వైపు పొడుగు

మూల దగ్గర గోడ మందం తీసేయలేదు. నమూనా ఇల్లు బయటి కొలత 200 × 120 మి.మీ. అయితే, పొడుగు గోడలు రెండూ 200. పొట్టివి 120 కాదు, రెండు మందాలు పోను 112. గమ్ము రాయకముందే ఒకసారి పొడిగా నిలబెట్టి మూలమట్టం పెట్టి చూస్తే ఇది అక్కడే దొరికిపోతుంది. గమ్ము ఆరాక తెలిస్తే మాత్రం విప్పడానికి చూడకండి, గోడ చీలుతుంది. పొట్టి గోడ కొత్తది కోయించడమే మేలు.

పై అంతస్తుకి దారి లేదు

ఇది ప్లాన్‌లో తప్పు. దాదాపు ప్రతి పిల్లా, పిల్లాడూ చేసేదే. మెట్లకి వేలెడు చోటు వదిలేస్తారు. పదడుగుల ఎత్తుకి ఆరంగుళాల మెట్లు 20 కావాలి. పదేసి చొప్పున రెండు వరసలుగా మడిస్తే, పదో మెట్టు మలుపు అరుగే కాబట్టి వరసకి కాలు మోపే పలకలు తొమ్మిది, ఒక్కోటి పదంగుళాల వెడల్పుతో ఏడున్నర అడుగులు, మలుపు అరుగుకి మూడడుగులు. మొత్తం పదిన్నర అడుగుల పొడుగు, ఆరున్నర వెడల్పు. నమూనాలో 64 × 40 మి.మీ. ఈ కొలతకి అట్టముక్క కోసిచ్చి, గదులు గీయకముందే ప్లాన్ మీద జరుపుకోమనండి. ఈశాన్యంలో మెట్లేంటని ఇంట్లో పెద్దవాళ్లు అడిగేలోపే చోటు కుదిరిపోతుంది. కట్టేటప్పుడు మెట్టుకో 3 మి.మీ. ప్లై ముక్క పేర్చుకుంటూ పోతే ఎత్తు దాదాపు దానంతటదే సరిపోతుంది.

మండువా పెంకుటిల్లు: కప్పు పలకలు కలవడం లేదు

మన వైపు పాత లోగిళ్లు చూసి పిల్లలు ఇష్టపడి ఎంచుకునేదే ఇది, ఎక్కువగా బెడిసికొట్టేదీ ఇదే. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి.

ఒకటి, వాసం పొడుగుని ప్లాన్ మీద కొలుస్తారు. పదడుగులు అడ్డంగా వెళ్లి ఐదడుగులు లేచే కప్పుకి వాలు పొడుగు 11.18 అడుగులు. 61 మి.మీ. కోస్తే ఏడు తగ్గుతుంది, 68 కోయాలి. రెండోది, ప్లాన్‌లో మూల గీత 45 డిగ్రీలు కనిపిస్తుంది కాబట్టి పలకనీ 45కే కోస్తారు. వాలుగా లేపాక ఆ అంచు కురచైపోతుంది. ఈ వాలుకి చూరు అంచు నుంచి 48 డిగ్రీలకి కోయాలి. మూలవాసం సరిగ్గా 15 అడుగులు, అంటే 91.5 మి.మీ. తొమ్మిదో తరగతి పిల్లలకి పైథాగరస్ వచ్చు, లెక్క వాళ్ల చేతే కట్టించండి. పాత శుభలేఖల అట్టతో ముందు ఒక మూల చేసి చూసుకున్నాకే చెక్క ముట్టుకోవాలి. బయటి మూలల్లో పైన చీలిక కనిపిస్తే, పలకల లోపలి అంచుని ఉప్పు కాగితంతో ఏటవాలుగా అరగదీస్తే మూసుకుంటుంది.

గోడ డొప్పలా ముడుచుకుంది

ఇటుక బొమ్మ ఉన్న కాగితాన్ని ఒక వైపే అతికించారు, అదీ ఫెవికాల్‌లో నీళ్లు బాగా కలిపి. తడి కాగితం ఆరుతూ బిగిసి, అతికించిన వైపుకి చెక్కని లాగుతుంది. రెండో వైపు కూడా మామూలు కాగితం అతికించి, ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి, 24 గంటలు పుస్తకాల బరువు కింద ఉంచండి. కాగితమేమీ లేని పలకే వంగితే, గుంట పడ్డ వైపు తడిగుడ్డతో తుడిచి ఇలాగే బరువు పెట్టండి. ముసురు రోజుల్లో తెచ్చిన చెక్కని ఆ రోజే కోయకుండా గదిలో రెండ్రోజులు ఆరనివ్వాలి. కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్లపొణికి చెక్కని వేడి మీద తేమ పోగొట్టేదీ ఇలాంటి తంటా రాకుండానే.

కిటికీ పైభాగం చీలింది

బాల్సా చారల వెంబడి కట్టర్ పరిగెత్తింది. చారలకి అడ్డంగా ఉన్న కోతలు ముందు, నిలువువి తర్వాత. ఒక్క గట్టి కోత కాదు, నాలుగైదు తేలిక గీతలు. ప్రతి కోతా మూల నుంచి మధ్యకి. వెనక మాస్కింగ్ టేప్ ఉంటే ఇంకా మంచిది. బ్లేడు మొద్దుబారినా ఇలాగే చీలుతుంది, కొన మార్చండి.

పాలిష్ పట్టని తెల్ల మచ్చలు

అది ఆరిన ఫెవికాల్. పొంగినప్పుడే తడిగుడ్డతో తుడవాలి. రంగు ముందేసి తర్వాత అతికిస్తే ఈ బాధే ఉండదు.

తొందరపడి సూపర్ గ్లూ తెస్తారు. చిన్న సందులకి పర్లేదు గానీ, కారినదాన్ని దూదితో, నూలు గుడ్డతో తుడవనివ్వకండి. ఆ జిగురు నూలుకి తగిలితే వేడెక్కి చెయ్యి కాలుతుంది.