చట్టసభకు విజ్ఞాపన: విశాఖపట్నం పౌరులకు దరఖాస్తు విధానం

విశాఖపట్నం జిల్లాలో నివసించే ఏ పౌరుడైనా, కొత్త చట్టం కావాలని గాని, ఉన్న చట్టాన్ని సవరించాలని గాని, సభ ముందున్న బిల్లులోని ఫలానా నిబంధన తన బతుకుతెరువును దెబ్బతీస్తుందని గాని పార్లమెంటుకు విజ్ఞాపన సమర్పించవచ్చు. దీనికి రుసుము లేదు, స్టాంపు కాగితం అక్కరలేదు, వకీలును పెట్టుకోవలసిన పనీ లేదు. రాజ్యసభకు, లోక్‌సభకు వేరువేరుగా పిటిషన్ల కమిటీలు ఉన్నాయి. రాజ్యసభ కమిటీలో 10 మంది, లోక్‌సభ కమిటీలో 15 మంది సభ్యులుంటారు. ఈ ఏర్పాటు స్వాతంత్ర్యానికి చాలా ముందే, 1924లో, అప్పటి కేంద్ర శాసనసభలో మొదలైంది. ఇంత పాత హక్కు మనలో చాలామందికి తెలియకపోవడం బాధ కలిగిస్తుంది కనుక, అర్జీ ఎవరికి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో, ఎలా రాయాలో వివరంగా చెబుతున్నాను.

అర్జీ ఎవరికి పెట్టాలి

కాగితం మీద కలం పెట్టకముందే తేల్చుకోవలసింది, మీరు మార్చాలనుకుంటున్న చట్టం ఎవరి అధికారంలో ఉందన్న సంగతి. రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు దీన్ని మూడు జాబితాలుగా విడదీసింది. పెద్ద ఓడరేవులు, రైల్వేలు, రక్షణ కేంద్ర జాబితాలోనివి. భూమి, స్థానిక సంస్థలు, మంచినీటి సరఫరా రాష్ట్రానివి. అడవులు, విద్య, కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కనుక విశాఖ పోర్టు పాలనకు సంబంధించిన అర్జీ పార్లమెంటుకు వెళ్లాలి. మహానగరపాలక సంస్థ విధించే ఆస్తిపన్ను చట్టం గురించైతే రాష్ట్ర శాసనసభ పిటిషన్ల కమిటీకి వెళ్లాలి. ఆగిపోయిన పింఛను, పాసుపుస్తకంలో తప్పు, రేషన్ కార్డులో పేరు వంటి వ్యక్తిగత సమస్యలు ఈ రెండింటికీ చెందవు. వాటికి సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది.

కోర్టు విచారణ పరిధిలోకి వచ్చే విషయాన్ని, రాష్ట్ర శాసనసభలో లేవనెత్తవలసిన విషయాన్ని, చట్టంలోనే వేరే పరిహారమార్గం ఉన్న విషయాన్ని పార్లమెంటు పిటిషన్‌గా స్వీకరించదు. మీ అర్జీ ఈ మూడింటిలో దేని కిందికీ రాదని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి.

జనం కోరిక చట్టం ఎలా అవుతుంది

దరఖాస్తు విధానంలో చరిత్ర ఎందుకని అనిపించవచ్చు. కానీ అర్జీలో అసలు బలం ఉండేది ఇక్కడే. చట్టాలు సభలో పుట్టినట్టు కనబడినా, వాటి వేళ్లు బయట ఉంటాయి. దీనికి ఉదాహరణ కోసం మన మన్యం దాటి వెళ్లనక్కరలేదు.

గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల్లో గిరిజనుల భూములు షావుకార్ల చేతుల్లోకి పోతుంటే, పితూరీల (తిరుగుబాట్ల) మీద పితూరీలు లేచిన తరువాత, మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చింది. 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం మళ్లీ భగ్గుమనడానికి అటవీ చట్టం పెట్టిన ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ ముఖ్య కారణాలు. స్వాతంత్ర్యం వచ్చాక, రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారంతో 1959లో ఈ భూముల బదలాయింపుపైనే ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం సాగుతున్న రోజుల్లో, 1970లో, దానికి కఠినమైన సవరణ జరిగింది; మన జిల్లాల్లో ఇప్పటికీ అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదన్నది దాని సారం. మరి ప్రభుత్వమే తన భూమిని ప్రైవేటు గనుల కంపెనీకి కౌలుకిస్తే ఏమిటి? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ఇచ్చిన గని లీజుల మీద ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు హైకోర్టులో ఓడిపోయినా, సుప్రీంకోర్టు 1997 జూలై 11న, ఆ రెగ్యులేషన్‌లోని ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందని, అటువంటి లీజులు చెల్లవని తీర్పు చెప్పింది. 80 ఏళ్లలో ఒకే ఆకాంక్ష చట్టంగా, రెగ్యులేషన్‌గా, సవరణగా, తీర్పుగా రూపాలు మార్చుకుంటూ వచ్చిందన్నమాట.

ఇక్కడొక పొరపాటు సవరించాలి. ‘విశాఖ మార్గదర్శకాలు’ అన్న పేరు వినగానే మన ఊరి కేసు అనుకునేవారు ఉన్నారు. అవి విశాఖ అనే పేరుగల ఒక మహిళా సంస్థ, మరికొందరు కలిసి రాజస్థాన్ ప్రభుత్వంపై వేసిన కేసులో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చినవి. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులకు సంబంధించిన ఆ మార్గదర్శకాలు పార్లమెంటు చట్టంగా మారడానికి 2013 దాకా, అంటే 16 ఏళ్లు పట్టింది. మీ అర్జీకి ఫలితం ఆలస్యమైతే ఈ లెక్కలు గుర్తుంచుకోండి.

ఎప్పుడు పంపాలి

బిల్లు సభలోకి రాకముందే మాట్లాడగలిగితే అంతకంటే మంచి సమయం లేదు. కేంద్ర ప్రభుత్వం 2014లో తీసుకున్న శాసనపూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం, ప్రతి మంత్రిత్వశాఖా ముసాయిదా బిల్లును, దాని అవసరాన్ని, ఆర్థిక భారాన్ని, ప్రజల హక్కులపై ప్రభావాన్ని తెలిపే వివరణతో సహా, కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. ఇది విధానమే తప్ప చట్టం కాదు కాబట్టి ప్రతిసారీ అమలు కాదన్నది నిజం. చట్టం కింద ప్రభుత్వం చేసే నిబంధనల విషయం వేరు: మూల చట్టం ముందస్తు ప్రచురణను కోరినప్పుడు, 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ముసాయిదాను ప్రచురించి, ప్రకటించిన తేదీలోగా అందిన అభ్యంతరాలను అధికారి పరిశీలించి తీరాలి. ఆ తేదీ దాటాక పంపిన కాగితం ఎంత గొప్పగా రాసినా పనికిరాదు. ముసాయిదా తెలుగులో లేదని వెనుకాడకండి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని (తెలుగుతో సహా) భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఆదేశించింది. తెలుగు ప్రతి కావాలని అడగడానికి ఆ ఉదాహరణ చాలు.

సభలో ప్రవేశపెట్టాక కూడా అవకాశం పోదు. పెద్ద ఓడరేవుల బిల్లు 2016లో మొదటిసారి వచ్చి, బిల్లులను పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘానికి వెళ్లి, 16వ లోక్‌సభ రద్దుతో మురిగిపోయి, 2020లో మళ్లీ వచ్చి, 2021లో చట్టమైంది. పోర్టు కార్మికులకు, పోర్టు మీద ఆధారపడినవారికి తమ మాట చెప్పుకోవడానికి అన్నేళ్లు దొరికాయి. స్థాయీ సంఘం పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు కోరినప్పుడు ఆ సంఘానికి పంపే లేఖ వేరు, పిటిషన్ల కమిటీకి పెట్టే విజ్ఞాపన వేరు. రెండింటినీ కలిపి రాయకండి.

విజ్ఞాపన రాసే తీరు

విజ్ఞాపన సభను ఉద్దేశించి ఉండాలి గాని మంత్రిని గాని, ప్రధానమంత్రిని గాని ఉద్దేశించి ఉండకూడదు. భాష మర్యాదగా, నిగ్రహంగా ఉండాలి. తెలుగులో రాయవచ్చు, అయితే ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జతచేసి, దానిపై కూడా అర్జీదారు సంతకం చేయాలి. ఒక్కొక్కరి పూర్తి పేరు, చిరునామా, సంతకం ఉండాలి. చదువురానివారు వేలిముద్ర వేయవచ్చు. ఎక్కువమంది సంతకాలు చేస్తున్నప్పుడు కనీసం ఒకరి సంతకం విజ్ఞాపన రాసిన కాగితం మీదే ఉండాలి, సంతకాలు తరువాతి కాగితాల్లోకి సాగితే ప్రతి కాగితం పైన కోరికను తిరిగి రాయాలి. ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు సేకరించి తరువాత విజ్ఞాపన కలిపే అలవాటు మన సంఘాల్లో ఉంది. సభ ఒప్పుకోని పని అదే.

ఉత్తరాలు, ప్రమాణపత్రాలు, ఇతర దస్తావేజులు దేనినీ జతచేయకూడదు. ఒక కార్మిక సంఘం వారికి నేను రాసిపెట్టిన మొదటి అర్జీకి, నమ్మకం కలగడానికని, జిరాక్సు కాగితాల కట్ట ఒకటి తగిలించాము. ఆ తప్పు నాదే. సాక్ష్యాలన్నీ అర్జీలోని వాక్యాల్లోకే రావాలి: ఏ చట్టం, ఏ సెక్షన్, దానివల్ల ఎవరికి ఏ నష్టం, ఎప్పటినుంచి. చివరన స్పష్టమైన ప్రార్థన ఉండి తీరాలి. ‘మత్స్యకారులకు న్యాయం చేయండి’ అన్నది ప్రార్థన కాదు. ఫలానా చట్టంలోని ఫలానా సెక్షన్‌లో ఈ మాటల బదులు ఈ మాటలు చేర్చాలని రాస్తే అది ప్రార్థన. అర్జీ రాయడంలో సగం సమయం ఈ ఒక్క వాక్యానికే పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

పూర్తయిన విజ్ఞాపనను రెండు విధాలుగా పంపవచ్చు. ఒకటి, ఎంపీ ప్రతిసంతకం చేసి సభలో స్వయంగా సమర్పించడం. రెండు, సంబంధిత సభ సెక్రటరీ జనరల్ పేర న్యూఢిల్లీలోని పార్లమెంటుకు నేరుగా పంపడం. లోక్‌సభకైతే మీ నియోజకవర్గం సరిచూసుకోండి: నగరంలో ఉన్నట్టే ఉన్నా పెందుర్తివారు అనకాపల్లి లోక్‌సభ స్థానం కిందికి వస్తారు, పాడేరు, అరకులోయ వారు అరకు స్థానం కిందికి వస్తారు. రాజ్యసభకు రాష్ట్రం నుంచి ఉన్న 11 మంది సభ్యుల్లో ఎవరినైనా అడగవచ్చు.

పంపిన తరువాత

రాజ్యసభలో ఛైర్మన్, లోక్‌సభలో స్పీకర్ అనుమతించిన విజ్ఞాపన కమిటీకి వెళుతుంది. కమిటీ సంబంధిత మంత్రిత్వశాఖ వివరణ కోరుతుంది, అవసరమైతే అర్జీదారును సాక్షిగా పిలిచి వింటుంది, చివరకు సభకు నివేదిక ఇస్తుంది. సిఫారసులు ప్రభుత్వాన్ని కట్టిపడేయవు గాని, వాటిని కాదనడానికి ప్రభుత్వం కారణం చెప్పుకోవలసి వస్తుంది. తూర్పు నౌకాదళ కేంద్రమైన మన ఊళ్లోని మాజీ సైనికులకు బాగా తెలిసిన ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ డిమాండు ఈ దారిలో నడిచినదే. భగత్ సింగ్ కోష్యారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2011 డిసెంబరులో సమర్పించిన 142వ నివేదిక దానిని బలపరిచింది; ప్రభుత్వ ఉత్తర్వు 2015 నవంబరు 7న వెలువడి, 2014 జూలై 1 నుంచి వర్తించింది. నివేదికకు, ఉత్తర్వుకు నడుమ ఆ నాలుగేళ్లూ మాజీ సైనికులు వీధుల్లో ఉద్యమిస్తూనే ఉన్నారు.

స్పీడ్ పోస్టు రసీదును, విజ్ఞాపన నకలును సంఘం దస్త్రంలో భద్రపరచండి. చాలాకాలం జవాబు రాకపోతే, సంబంధిత సభ సచివాలయంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, మీ విజ్ఞాపన ఏ దశలో ఉందో అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. అర్జీ స్వీకరించలేదని తెలిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని, లోపం సవరించి, కొత్త సంతకాలతో మళ్లీ పంపండి.